కిలో పైన కొసరు

నందిగామ,
మే 3.

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నేను అడగనిదానికి జవాబు చెప్పి పెట్టేస్తున్నావు. మొన్న "ఒంట్లో ఎలా ఉంది" అని అడిగితే "ఆఁ, మామిడికాయలు ఇంకా రాలేదే" అన్నావు. చెవికి మిషను పెట్టుకోమంటే అది గీ పెడుతుందంటావు. ఇక లాభం లేదని కాగితం పట్టుకున్నా. మీ కొట్టు ట్రాలీ ఆటో వారానికోసారి ఇక్కడి హోటళ్ళకి సరుకు వేయడానికి వస్తుంది కదా, డ్రైవరు ఆశీర్వాదం చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నా. నీ జవాబు కూడా అతనికే ఇవ్వు.

అసలు సంగతి చెప్తా, నవ్వకు. నేను బి.ఎడ్. చదువుతా. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, ప్రసన్న రెండో తరగతి, ఇప్పుడు నీకు చదువేమిటే అని అత్తయ్య అననే అన్నారు. ఆయన మాత్రం వద్దనలేదు. సిమెంటు డీలరు దగ్గర లెక్కలు రాసే జీతంలో ఫీజు ఎక్కణ్ణుంచి తేను ఉషా, అన్నారు. మొదటి విడత పదిహేను వేలు, అక్టోబరు పదిలోపు కట్టాలి. నాకు ఆ క్షణంలో ఏం తోచిందో, "వంటింట్లోంచి తెస్తా" అనేశా.

అనేశాక లెక్క చూసుకున్నా. పాలూ కూరగాయలూ కాకుండా, ఒట్టి సరుకులకే నెలకి పదివేలు పోస్తున్నాం పెద్దమ్మా. దాన్ని ఏడువేలకి దించితే నెలకి మూడువేలు. మే నుంచి సెప్టెంబరు దాకా ఐదు నెలలు. సరిగ్గా పదిహేను. "ఒక్క నెల తప్పినా ఆ మాట ఇంకెత్తను" అని ఆయనతో పంతం వేశా. ఇది పోతే వచ్చే ఏడాది చూద్దాంలే అంటారు. ఆ వచ్చే ఏడాది ఎప్పటికీ రాదని నాకు తెలుసు.

మనిళ్ళల్లో నీ అంత పొదుపుగా ఇల్లు నడిపినవాళ్ళు లేరని అమ్మ అంటూ ఉండేది. నా చీటీ పంపుతున్నా. చూసి చెప్పు.

నీ
ఉష

*

జగ్గయ్యపేట,
మే 6.

ఓసి పిచ్చిపిల్లా,

చీటీ చూశా. అది నలుగురి ఇంటికి నెల సరుకుల చీటీయా, పెళ్ళి సామాన్ల పట్టీయా? నూడుల్సు మూడు రకాలు. గదికి కొట్టే సెంటు ఒకటి. ఇంట్లో పోపు వేస్తుంటే మళ్ళీ గదికి సెంటెందుకే? పదకొండు కొట్టేశా. కొట్టేసినవాటిలో నీ మొగుడికి ఇష్టమైనవేమైనా ఉంటే నా పేరు చెప్పు.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. ఒకే సైజు డబ్బాలు పప్పుకి నాలుగు, పంచదారకి నాలుగు, మినప్పప్పుకి నాలుగు, ఇలా పెట్టుకో. ఒకటో తారీకున సరుకు రాగానే వారానికొక డబ్బా చొప్పున నింపెయ్యి. నెలాఖరు రెండు మూడు రోజులకి చిన్నది ఇంకోటి. ఒక వారం డబ్బా ఆ వారంలోనే. మధ్యలో అయిపోతే పక్క డబ్బా మూత ముట్టుకోకూడదు. చారుతో తినండి, మజ్జిగతో తినండి, మూత మాత్రం తియ్యకూడదు.

నాకిది మా అత్తగారు నేర్పిన పద్ధతి. కొట్టు మనదే, పప్పు మనదే, అయినా ఆవిడ చీటీ, డబ్బూ నా చేతిలో పెట్టి కొట్టు ముందు నిలబెట్టేది. బేరానికొచ్చిన వాళ్ళతో పాటు నా వంతు వచ్చేదాకా నిలబడాలి. మీ పెదనాన్న నేనెవరో ఎరగనట్టు తూచి, డబ్బు లెక్కపెట్టుకుని గల్లాలో వేసేవారు. పెళ్ళయిన మూడో నెల, పద్దెనిమిదేళ్ళ పిల్లని. ఏడుపొచ్చేది. ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నీ సరుకులు మన కొట్టునించే పంపిస్తా. వెనక గదిలో కూచుని నేనే కవర్లు కట్టి, కిలో అనీ అరకిలో అనీ పైన నా చేత్తో రాస్తా. బిల్లు మా అబ్బాయి నవనీత్ వేస్తాడు. డబ్బు మాత్రం పూర్తిగా ఆశీర్వాదానికి ఇవ్వాలి. పెద్దమ్మ కొట్టే కదా అని తగ్గించడాలు లేవు. తక్కెడ దగ్గర నువ్వు నాకేమీ కావు.

నీ అమ్మ ఉంటే నీ చదువు మాటకి ఊరంతా పంచదార పంచేది. నేను పంచను. పంచదార కిలో ఎంతో నాకు తెలుసు.

పెద్దమ్మ

*

నందిగామ,
జూన్ 2.

పెద్దమ్మా,

గెలిచా! ఏడువేలు దాటలేదు. హార్లిక్స్ సీసాలో మూడువేలు పడ్డాయి. ఆయన సీసా పైకెత్తి వెలుతురులో చూశారు, దొంగనోట్లేమో అన్నట్టు.

నీ డబ్బాల పద్ధతి ఏం మహిమో గానీ, ప్రతి ఆదివారం డబ్బా అడుగున ఇంకా ఇంత మిగులుతోంది. అత్తయ్యకి మాత్రం ఇదంతా జైలులా ఉంది. మూడో వారంలో వాళ్ళ చెల్లెలు వచ్చిందని నాలుగో డబ్బా మూత తీయబోయారు. నేను అడ్డం నిలబడ్డా. "జగ్గయ్యపేటలో ఉండగా నీ పెద్దమ్మ పిసినారితనాన్ని తిట్టుకునేవాళ్ళం, ఇప్పుడు నా ఇంట్లోకే వచ్చింది" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం, మూత మాత్రం తీయనివ్వలేదు.

మిగిలిన మినప్పప్పుతో సున్నుండలు చేశా. నాలుగు పంపుతున్నా. ఆశీర్వాదం దారిలో ఒకటి తింటానని ముందే చెప్పాడు, నీకు మూడు వస్తాయి.

ఉష

*

జగ్గయ్యపేట,
జూన్ 5.

ఉషా,

రెండే వచ్చాయి. చిల్లకల్లు దాటేలోపల ఒకటి, దాటాక ఒకటి అట.

సున్నుండ బావుంది, నెయ్యి దగ్గర చెయ్యి బిగబట్టావు. పిల్లకి పెట్టేదానిలో ఆ పని చెయ్యకు. డబ్బాలూ కొలతలూ నీకూ నీ మొగుడికీ. ప్రసన్న రెండోసారి పప్పు అడిగితే వెయ్యాలి, మీ అత్తయ్య అడిగినా వెయ్యాలి. మిగులుతోందన్నావుగా, మరి దేనికి దాస్తావు? సరుకు మిగలడం నీ చేతి చలవే. నేను చెప్పిందేముంది.

మోకాళ్ళు అలాగే ఉన్నాయి. టీవీ రీఛార్జి మానేశా. చెవులు వినపడకుండా సీరియల్ చూస్తే ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియడం లేదు, డబ్బు దండగ.

పెద్దమ్మ

*

నందిగామ,
ఆగస్టు 1.

పెద్దమ్మా,

మూడు నెలలు! సీసాలో తొమ్మిదివేలు. నూనె ధర పెరిగిందని వీధిలో ఆడవాళ్ళందరూ గగ్గోలు పెడుతుంటే నేను మహారాణిలా నడిచి వెళ్ళా. నా బిల్లు ఏడువేలు దాటలేదు, వంటింట్లో నూనె గరిటెడు ఎక్కువే ఉంది. మా అత్తయ్య కూడా ఒప్పుకున్నారు. "నీకు వంట కంటే లెక్కే బాగా వచ్చు, లెక్కల టీచరువే అవ్వు" అన్నారు. అది పొగడ్తేనని ఆయన అంటున్నారు.

పక్క వాటాలో రాజ్యశ్రీ అని ఉందని చెప్పా కదా, ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. వాళ్ళూ నలుగురే, ఇద్దరు మగపిల్లలు. ఆవిడ భర్తకి పని తగ్గింది. నా సీసా చూసి, నాకూ నేర్పవా అంది. నీ చీటీ మక్కీకి మక్కీ రాసిచ్చా. ఇక్కడి కొట్లోనే కొనుక్కుంటుంది, ఏడువేలు, నాలుగు డబ్బాలు. మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టా. నన్ను ఇప్పుడు "ఏడువేల ఉష" అంటున్నారు. నీ పేరు కూడా చెప్పాలే, కుళ్ళుకోకు.

ఉష

*

జగ్గయ్యపేట,
ఆగస్టు 4.

ఉషా,

ఊళ్ళోవాళ్ళకి పాఠాలు అప్పుడే మొదలుపెట్టావా? బి.ఎడ్. అయ్యాక చెప్పొచ్చుగా.

ఆ రాజ్యశ్రీకి ఏడువేలు అని చెప్పకు. ఎనిమిదిన్నర అని చెప్పు. అందరి ఇల్లూ ఒక్కలా ఉండదు. మగపిల్లలు తింటారు. అక్కడి కొట్లో సరుకు ఎలాంటిదో, తాలు ఎంతో, రాళ్ళెంతో. ఆ గ్రూపులో రాసింది కూడా తీసెయ్యి. నీ పంతం నీది, పదిమందికీ అంటించకు.

నువ్వు ఈ ఉత్తరం చదివి, పెద్దమ్మకి చాదస్తం అని నవ్వుకుని పక్కన పెడతావు. పెట్టకు. ఈసారికి నా మాట విను.

పెద్దమ్మ

*

నందిగామ,
ఆగస్టు 27.

పెద్దమ్మా,

నీ మాట వినలేదు. చాదస్తం అనే అనుకున్నా.

రాజ్యశ్రీకి రెండోవారం గురువారానికే డబ్బాలు అయిపోయాయి. నా దగ్గరికి వచ్చి చెప్పింది. నేనేమన్నానో తెలుసా? "నాకు మిగులుతుంటే నీకెందుకు చాలదు, చెయ్యి జారుడు తగ్గించుకో" అన్నా. టీచరమ్మని కదా. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. ఆ రోజునించీ పిల్లలకీ మొగుడికీ పెట్టేసి, నాకు ఆకలి లేదంటూ రాత్రిపూట మజ్జిగ తాగి పడుకుందిట. పన్నెండు రోజులు. నిన్న పొద్దున నీళ్ళ బకెట్టుతో మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడింది. మోచేయి చీరుకుపోయింది. డాక్టరు సరిగా తినడం లేదన్నాడు. ఆవిడ నా వైపు చూసి, "ఈ నెల తప్పిపోయాను ఉషా, వచ్చే నెల చూస్తా" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికి తీసుకొచ్చి మా వాటాలో అన్నం పెట్టా. వాళ్ళకి సరుకు సర్దుదామని, నువ్వు పంపిన కందిపప్పులో నేనింకా విప్పని కవరు పట్టుకెళ్ళా. కేకులకి మైదా తూచే చిన్న మిషను ఉంది వాళ్ళింట్లో. సగం తీసుకుంటానని దాని మీద పెట్టింది. కవరు మీద నీ చేతిరాత, కిలో అని. మిషను మీద పన్నెండువందల ఎనభై.

మిషను తప్పనుకున్నాం. ఉప్పు ప్యాకెట్టు పెట్టి చూశాం. మిషను సరిగ్గానే ఉంది. అరకిలో చింతపండు ఆరువందలు. అరకిలో మినప్పప్పు ఆరువందల నలభై. నాలుగు లీటర్లు అని రాసిన గానుగ నూనె క్యాను కొలిస్తే ఐదుకి గరిటెడు తక్కువ.

ఎందుకు చేశావు? నేను గెలిచానని ఇంటింటికీ చెప్పుకున్నానే. నా చేతి చలవే అన్నావు. ఆ మాట నువ్వెలా రాయగలిగావు? నేను గెలవలేదు. నువ్వు నన్ను మోసుకెళ్ళావు, నేను నడుస్తున్నాననుకుని పక్కావిణ్ణి పరిగెత్తమన్నా.

నువ్వు నాకు బరువు తగ్గించి ఇచ్చి ఉంటే దెబ్బలాడేదాన్ని. ఎక్కువ ఇచ్చినదానికి ఎలా దెబ్బలాడాలో తెలియడం లేదు. కోపంగా మాత్రం ఉంది.

ఉష

*

జగ్గయ్యపేట,
ఆగస్టు 30.

ఉషమ్మా,

తప్పు చేశా. మిగతాది తరవాత రాస్తా, ముందు ఈ మాట రాయాలి.

రాజ్యశ్రీ మోచేయి ఎలా ఉంది? ఆశీర్వాదంతో ఒక బస్తా బియ్యం, ఐదు కిలోల పప్పు పంపుతున్నా. ఊరికే అంటే ఆ పిల్ల తీసుకోదు. నీ పెద్దమ్మ తూకం తప్పడం వల్ల నీకు నష్టం వచ్చింది, కొట్టు తరఫున పరిహారం అని చెప్పు. అది నిజమే కదా.

మే నెలలో నీ చీటీ కట్టడానికి కూచున్నప్పుడు తెలిసిపోయింది, ఏడువేలకి చాలదని. నలభై ఏళ్ళు సరుకు కట్టినదాన్ని, తెలియదా? ఎనిమిదివేలు పెట్టుకోవే అని రాయాల్సింది. రాస్తే నీ మూడువేలు రెండువేలవుతాయి, అక్టోబరుకి పదే అవుతాయి, నీ చదువు ఆగిపోతుంది. అందుకని రాయలేదు. కవర్లో ఒక గుప్పెడు ఎక్కువ వేశా. మర్నెల ఇంకో గుప్పెడు. నవనీత్‌కి తెలుసు, ఎక్కువైనదానికి డబ్బు నా దగ్గర తీసుకునేవాడు. టీవీ రీఛార్జి, విజయవాడ వెళ్ళే కారు ఖర్చు, అలాంటివి మానేశా. మాత్రలు మానలేదు, కంగారుపడకు. నీ ఇంట్లో మిగులుతోందని రాస్తే నాకు ఇక్కడ కడుపు నిండేది.

కానీ నీకొకటి చెప్పాలి. కొట్టు ముందు నన్ను నిలబెట్టేవారని రాశా కదా, దాని చివర చెప్పలేదు. మీ పెదనాన్న మొహం ఎత్తకుండా తూచేవారు. ముల్లు నిటారుగా నిలబడేదాకా గింజ వేసేవారు కాదు, తీసేవారు కాదు. తూకం అయిపోయి డబ్బు గల్లాలో పడ్డాక, అప్పుడు ఒక బెల్లం ముక్క తీసి, అందరూ చూస్తుండగా నా సంచిలో వేసి "కొసరు" అని గట్టిగా అనేవారు. అందరికీ వేసినట్టే. నాది మాత్రం కాస్త పెద్ద ముక్క. దానికోసమే నేను ఒకటో తారీకు కోసం ఎదురుచూసేదాన్ని.

ఒకసారి ఇంట్లో బాగా కటకటగా ఉండి, మూడోవారానికే పప్పయిపోయి, రహస్యంగా కాస్త వెయ్యండి అని అడిగా. వెయ్యనన్నారు. "కంటి ముందు వేస్తే కొసరు. దాచి వేస్తే అది తప్పుడు తూకమే ప్రసూనా, ఎక్కువైనా సరే" అన్నారు. నాకు అప్పుడు రాయి లాంటి మనిషనిపించింది. రెండు రోజులు మాట్లాడలేదు.

మా కొట్లో ఇన్నేళ్ళలో తప్పుడు తూకం వేసింది నేనొక్కదాన్నే. ఆయన ఫోటో ముందు దీపం పెడుతూ ఇవాళ చెప్పా. నీకు కోపం ఉంటే ఉండనీ. ఉత్తరం మాత్రం మానకు.

పెద్దమ్మ

*

నందిగామ,
సెప్టెంబరు 30.

పెద్దమ్మా,

నెలంతా రాయలేదు. కోపం మొదటి వారంలోనే పోయింది, తరవాత సిగ్గు. దానికి ఎక్కువ రోజులు పట్టింది.

రాజ్యశ్రీ బియ్యం తీసుకుంది. పరిహారం మాట విని చాలా సేపు నవ్వింది. గ్రూపులో కూడా జరిగింది జరిగినట్టు రాసేశా. "ఏడువేల ఉష" పేరు పోయింది. ఇప్పుడేమంటున్నారో నీకు చెప్పను.

ఈ నెల నువ్వు సరిగ్గా తూచి పంపావు. రాజ్యశ్రీ మిషను మీద పెట్టి చూశా, ఏమనుకోకు. మొదటి ఆదివారం శనివారమే వచ్చినట్టయింది. డబ్బా అడుగు అప్పుడే కనపడింది. రెండోవారం నించి ఇద్దరం కలిసి చూసుకున్నాం. పొద్దున టిఫిన్లకి పిండి ఒకరే రుబ్బి ఇద్దరం పంచుకుంటున్నాం. పప్పులో ఆకుకూర ఎక్కువ, పప్పు తక్కువ. ఒకరోజు అత్తయ్య తన పళ్ళెంలోది ప్రసన్నకి వేయబోతే నేను గట్టిగా కేకలేశా. "ఈ ఇంట్లో ఎవరూ రహస్యంగా తక్కువ తినకూడదు, కావాలంటే నాతో చెప్పి పోట్లాడండి" అన్నా. ఆయన, అత్తయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మొత్తం ఏడువేల ఐదువందలు అయింది. పంతం ఓడిపోయా. అది ఆయనకి చెప్పేశా.

ఇంకోటి. మే నుంచి ఆగస్టు దాకా నువ్వు ఎక్కువ వేసినదానికి లెక్క కట్టించా, నవనీత్ అన్నయ్యకి ఫోన్ చేసి. అన్నయ్య ముందు చెప్పనన్నాడు, తరవాత నాలుగువేలన్నాడు. ఈ కవర్లో ఉన్నాయి. తీసుకో. తీసుకోకపోతే నేను ఆ సీసా వైపు చూడలేను. ఇప్పుడు సీసాలో పదివేల ఐదువందలున్నాయి. అవన్నీ నావే. కాలేజీకి నాలుగున్నర తక్కువ. ఆయన ఎక్కడైనా అడుగుతానన్నారు, నేనే వద్దన్నా. వచ్చే ఏడాది రాదని మొదటి ఉత్తరంలో రాశా కదా. వస్తుందేమోలే.

ఉష

*

జగ్గయ్యపేట,
అక్టోబరు 3.

ఉషశ్రీ గారికి,

మీరు పంపిన నాలుగువేలు ముట్టాయి. నవనీత్ చేత బిల్లు రాయించి, నీ ముందు కాకపోయినా ఆశీర్వాదం ముందు గల్లాలో వేయించా. బిల్లు జత చేశా. తిప్పి పంపుతాననుకున్నావేమో. పంపను. నీ డబ్బు తీసుకోకపోతే నిన్ను చిన్నపిల్లని చేసినట్టు. ఒకసారి చేశా, చాలు. తూకం అయింది, ముల్లు నిటారుగా ఉంది.

ఇప్పుడు రెండో కవరు విప్పు.

అందులో నాలుగువేల ఐదువందలున్నాయి. దసరాకి చీర కొనుక్కోమని నవనీత్ ఇచ్చాడు. బీరువాలో ఉన్న చీరలు కట్టుకోడానికే నాకు తీరిక లేదు. ఇది అప్పు కాదు, సాయం కాదు, జాలి అసలే కాదు. కవరు మీద ఏం రాశానో చదువు, పెద్ద అక్షరాలతో. ఎంతో కూడా రాశా. మీ ఆయన వినయ్‌కి చూపించు, మీ అత్తయ్యకి చూపించు, ఆ గ్రూపులో పెట్టుకో. ఆశీర్వాదానికి కూడా చదివి వినిపించే ఇచ్చా. ఈసారి దాచింది ఏమీ లేదు.

పంతం ఓడిపోయానన్నావు. ఏడువేల ఐదువందలకి నిజం తూకంతో నలుగురి ఇల్లు నడిపావే. నా మొదటి ఏడాది నేనలా నడపలేదు. ఈ మాట పోయినసారిలా కాదు, మిషను మీద పెట్టి చూసుకో.

పదో తారీకు దాటనివ్వకు.

పెద్దమ్మ

*

నందిగామ,
అక్టోబరు 9.

పెద్దమ్మా,

కట్టేశా. రసీదు ఆయన జేబులోనే ఉంది, ఎవరడిగినా అడక్కపోయినా చూపిస్తున్నారు. కాలేజీ కంచికచర్ల అవతల, పొద్దున ఎనిమిదింటి బస్సు. ప్రసన్న నా కోసం రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టింది. రాజ్యశ్రీ కేకు చేసింది. దాని మీద క్రీముతో "టీచర్" అని రాయబోతే చోటు చాలక సగంలో ఆగిపోయింది.

నీ కవరు పారేయలేదు. "కొసరు" అని నువ్వు రాసిన వైపు పైకి పెట్టి, డబ్బాల అరలో మేకుకి తగిలించా. అత్తయ్య దానికి బొట్టు పెట్టారు. చదివి ఏడ్చా పెద్దమ్మా. అప్పుడు వంటింట్లో అందరూ ఉన్నారు, నేనూ దాచుకోలేదు.

వచ్చే నెల సరుకులు ఆటోలో పంపకు. ఒకటో తారీకు ఆదివారం పడింది, నేనే వస్తున్నా. చీటీ తెస్తా, డబ్బు తెస్తా, బేరానికొచ్చిన వాళ్ళ వెనక నిలబడతా. నువ్వు వెనక గదిలో కాదు, ముందు కూచోవాలి. నన్నెవరో ఎరగనట్టు తూచు. డబ్బు గల్లాలో పడ్డాక, అందరూ చూస్తుండగా, బెల్లం ముక్క వేసి ఆ మాట గట్టిగా అను.

నాది మాత్రం కాస్త పెద్ద ముక్క.

నీ
ఉష